పాత గుడి, పాత హవేలీ: ఒక మూస సినిమా, దాని ప్రేక్షకులు

శాసనాలు, కైఫీయతులు, రెవెన్యూ రికార్డులు, పత్రికలు చరిత్రకు ఆధారాలుగా ఎలా ఉపయోగపడతాయో ఇదివరకటి పాఠాల్లో మీరు చదివారు. ఈ పాఠంలో మన ముందున్న ఆధారం ఒక సినిమా. అది 1984లో విడుదలైన 'పురానా మందిర్' అనే హిందీ దెయ్యాల సినిమా. విమర్శకులు దాన్ని మెచ్చుకోలేదు. జనం మాత్రం విరగబడి చూశారు. ఆ ఏడాది బాగా ఆడిన హిందీ చిత్రాల్లో అదొకటి. మరి చూసినవారు దాన్ని గురించి ఏమనుకున్నారు?

ప్రశ్న తేలికైనదిగానే కనిపిస్తుంది. జవాబు వెదకబోతే ఆధునిక చరిత్ర రచనలోని పెద్ద చిక్కు ఒకటి ఎదురవుతుంది. మళ్లీ మళ్లీ చూసినవారు ఏమీ రాయలేదు. రాసినవారికి ఆ సినిమా మీద ఆసక్తి లేదు. సామాన్యుల అభిప్రాయాన్ని చరిత్రలో ఎలా పట్టుకోవాలన్నదే ఈ పాఠంలోని అసలు విషయం.

కథ, మూస

ముందుగా కథ తెలుసుకోండి. రెండు వందల ఏళ్ల కిందట సామ్రీ అనే నరరూప రాక్షసుణ్ణి ఒక రాజు పట్టుకొని తల నరికిస్తాడు. మొండాన్ని పాత గుడి దగ్గర పాతిపెడతారు. తలను పెట్టెలో పెట్టి, త్రిశూలాన్ని కాపలాగా ఉంచి హవేలీలో దాచేస్తారు. ఆ వంశంలోని ఆడవాళ్లు బిడ్డను కనే సమయంలో ఘోరంగా చనిపోతారని వాడు పోతూ పోతూ శాపం పెడతాడు. ఇప్పటి కాలానికి వస్తే, ఆ వంశపు ఠాకూరు పట్నంలో ఉంటాడు. కూతురు ప్రేమలో పడుతుంది. తండ్రి వద్దంటాడు, కారణం చెప్పక తప్పని పరిస్థితి వస్తుంది. కూతురు, ప్రియుడు, మిత్రుడు కలిసి ఆ హవేలీకి బయలుదేరతారు. తరువాత ఏమవుతుందో మీరే చెప్పగలరు. పెట్టె తెరుచుకుంటుంది, తల మొండెంతో కలుస్తుంది, చివరికి త్రిశూలం, నిప్పు వాణ్ణి అంతం చేస్తాయి. మధ్యలో పాటలు, ఫైటింగులు, స్నానాల గది దృశ్యాలు ఉంటాయి. వీటితోపాటు 'షోలే'ను వెక్కిరించే హాస్యం ఉంటుంది. అందులో నటించినది 'షోలే'లోనే వేషం వేసిన జగదీప్ కావడం విశేషం.

'తరువాత ఏమవుతుందో మీరే చెప్పగలరు' అన్నాను చూడండి, మూస చిత్రం అంటే అదే. రామ్సే సోదరులు తీసిన 'దర్వాజా' (1978), 'తహ్‌ఖానా' (1986), 'వీరానా' (1988), 'పురానీ హవేలీ' (1989), 'బంద్ దర్వాజా' (1990) చిత్రాల్లో ఈ సరుకే కొద్దిపాటి తేడాలతో కనిపిస్తుంది. మూస అన్న మాటను మనం తిట్టుగా వాడతాం. ఈ పాఠం వరకు ఆ తిట్టును పక్కన పెట్టి, మూస ఎలా తయారవుతుందో చూడండి.

హాలులో పుట్టిన ఆలోచన

రామ్సే కుటుంబం సింధీలు. తండ్రి ఎఫ్. యు. రామ్సే కరాచీలో రేడియోల వ్యాపారం చేసేవారు. 1947 దేశవిభజన తరువాత బొంబాయి చేరి, లామింగ్టన్ రోడ్డులో దుకాణం పెట్టుకొని, క్రమంగా సినిమా నిర్మాణంలోకి దిగారు. మొదట్లో దెయ్యాల సినిమాలు తీయలేదు. భగత్‌సింగ్ మీద ఒకటి, 'రుస్తుం సోహ్రాబ్' (1963) అనే చారిత్రక కథ ఒకటి నిర్మించారు. 1970లో 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' తీసి దెబ్బతిన్నారు.

ఆ దెబ్బలోనే మన కథ ఉంది. ఆ సినిమాలో ఒక దృశ్యంలో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన ముసుగు, వేషం వేసుకొని మ్యూజియంలో దొంగతనానికి వస్తాడు. పోలీసుల గుళ్లు అతన్ని ఏమీ చేయవు. సినిమా ఆడకపోయినా, ఈ ఒక్క దృశ్యం వచ్చినప్పుడు హాలులో జనం ఊగిపోవడం కొడుకులు గమనించారట. జనానికి నచ్చింది ఆ భయమే అయితే సినిమా మొత్తం అదే ఎందుకు ఉండకూడదని తండ్రిని ఒప్పించారు. అలా 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' వచ్చింది. మహాబలేశ్వర్‌లో బస చేసి, స్టూడియో ఖర్చు లేకుండా, కుటుంబమంతా పని పంచుకొని తీశారు. కుమార్ కథ రాస్తే గంగూ కెమెరా పట్టుకున్నారు. శబ్దం కిరణ్‌ది, ఎడిటింగ్ అర్జున్‌ది, నిర్మాణం పనులు కేశువి. తులసి, శ్యామ్ దర్శకత్వం వహించారు. సినిమా ఆడింది.

ఇది ఆ కుటుంబం తమను గురించి తాము చెప్పుకున్న కథ అని మరవకండి. విజయం సాధించినవారు తమ ఆరంభాన్ని చక్కగా అల్లి చెప్పుకోవడం శాసనాల కాలం నుంచి ఉన్నదే. అయినా ఇందులో ఒక విలువైన అంశం ఉంది. ప్రేక్షకుల అభిప్రాయం ఉత్తరం రూపంలోనో, సమీక్ష రూపంలోనో రాలేదు. చీకట్లో కుర్చీల కదలికగా, కేకగా, ఈలగా వచ్చింది. దాన్ని విన్నవారు దాన్ని పెట్టుబడిగా మార్చారు.

రాసినవారు, చూసినవారు

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. 'పురానా మందిర్' వచ్చినప్పుడు నేను పరిశోధక విద్యార్థిని. హాస్టల్ మిత్రులతో కలిసి మ్యాట్నీకి వెళ్లాను. సామ్రీ పాత్రధారి చాలా పొడగరి, కోల ముఖం. పెద్దగా మేకప్ లేకుండానే భయపెట్టగల ఆకారం. అతను తెరమీదికి వచ్చినప్పుడు నేను పక్కవాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. నేల టికెట్లలో కేకలు, వెంటనే నవ్వులు. ఆ నవ్వులో నేనూ కలిశాను.

హాస్టల్‌కు తిరిగివచ్చి గోడపత్రికలో ఏం రాశానో తెలుసా? ఇది మూఢనమ్మకాలను పెంచే పనికిమాలిన చిత్రమని, అభిరుచి ఉన్నవారు చూడదగినది కాదని రాశాను. చెయ్యి పట్టుకున్న సంగతి రాయలేదు. ఆ కాగితం ఇవాళ ఎక్కడైనా దొరికితే, 1984లో చదువుకున్న యువకులు ఈ చిత్రాన్ని తిరస్కరించారని ఒక చరిత్రకారుడు నిశ్చింతగా రాసుకోవచ్చు. అతను పూర్తిగా పొరబడినట్టే. నేను రాసింది సినిమా మీద అభిప్రాయం కాదు, నన్ను నలుగురూ ఎలా అనుకోవాలన్న కోరిక.

మా మెస్‌లో వడ్డించే ఒకాయన అదే సినిమా మూడుసార్లు చూశారు. కథంతా తెలిసీ మళ్లీ ఎందుకు వెళ్లారని అడిగాను. మొదటిసారి సామ్రీని చూశానని, ఆ తరువాత వెళ్లింది కొత్తగా వచ్చినవాళ్లు ఎప్పుడు ఉలిక్కిపడతారో చూడడానికని నవ్వుతూ చెప్పారు. అప్పట్లో అది నాకు వేళాకోళంగా తోచింది. ఎన్నో ఏళ్ల తరువాత గానీ అది ఎంత నిశితమైన పరిశీలనో తెలియలేదు. ఆయనకు ఆ సినిమా తెర మీద మాత్రమే జరిగేది కాదు, హాలంతా జరిగేది. పత్రికలో సమీక్షకుడు రాసేది తెర గురించి. ఆయన చూసేది హాలును. వీరిద్దరి అభిప్రాయాలను ఒకే త్రాసులో తూచడం కుదరదు.

మన పల్లెల్లో వీథినాటకానికో, బుర్రకథకో కూర్చునేవారికి కథ ముందే తెలుసు. బొబ్బిలి కథ ఎలా ముగుస్తుందో తెలియక ఎవరూ రాలేదు. అయినా మూసగా ఉందని దానిమీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. తెలిసిన కథను తెలిసిన మలుపుల్లో మళ్లీ అనుభవించడం మన ప్రేక్షకులకు పాత అలవాటు. సినిమా దగ్గరికి వచ్చేసరికి అదే అలవాటును అజ్ఞానం అన్నాం.

మూసను ఆధారంగా చదవడం

చూసినవారి మాటలు మిగలనప్పుడు మూసనే ఆధారంగా తీసుకోవచ్చు. ఒక అంశం సినిమా తరువాత సినిమాలో కొనసాగిందంటే, దానికి హాలులో స్పందన ఉందని పంపిణీదారులు నమ్మారన్నమాట. ఈ చిత్రాలకు ఆదాయం ఎక్కువగా బి, సి సెంటర్ల నుంచి, అంటే చిన్న పట్టణాల నుంచి వచ్చేది.

ఈ దృష్టితో చూస్తే ఠాకూరు హవేలీ ప్రతిసారీ ఎందుకు వస్తుందో ఆలోచించండి. రామ్సేలకు ముందు హిందీలో భయం కలిగించిన 'మహల్' (1949), 'బీస్ సాల్ బాద్' (1962), 'వో కౌన్ థీ' (1964) చిత్రాల్లోనూ పాత భవనాలున్నాయి. అయితే వాటిలో చివరికి దెయ్యం లేదని, ఎవరో మనిషి పన్నిన నాటకమనో, మోసమనో తేలుతుంది. రామ్సేల దగ్గర దెయ్యం నిజం, పూర్వీకులు చేసినదానికి ఫలితమూ నిజం. భూస్వామి తాత చేసిన పని మనవరాలి తలుపు తడుతుంది. కూతురికి అసలు సంగతి చెప్పకుండా దాచిన తండ్రి భయంతో కుంచించుకుపోతాడు. జమీందారీలు రద్దయి ముప్పయ్యేళ్లు దాటినా ఠాకూర్ల పెత్తనం ఇంకా తెలిసిన ఊళ్లలో ఈ కథకు వేరే అర్థం ఉండి ఉంటుందని నా అభిప్రాయం. ఇది రుజువైన విషయం కాదు. రుజువుకు దగ్గరగా వెళ్లే దారి మాత్రమే.

ఇందులో ఒక జాగ్రత్త అవసరం. మూస మీద ప్రేక్షకుడి ముద్ర ఒక్కటే ఉండదు. డబ్బు పెట్టినవాడి భయం, సెన్సారు కత్తెర కూడా ఉంటాయి. సెన్సారు కోతల వివరాలు అప్పట్లో భారత గెజిట్‌లో అచ్చయ్యేవి. ఏ హింస, ఏ శరీర ప్రదర్శన తెర మీదికి రాకుండా పోయిందో వాటిలో తెలుస్తుంది. ఆ స్నానాల గది దృశ్యాల విషయంలో నాకు ఏ సమర్థనా లేదు. 'ఎ' సర్టిఫికెట్ చిత్రాలకు వచ్చే ప్రేక్షకుల్లో మగవారే ఎక్కువ కాబట్టి వాళ్ల కోసం పెట్టినవి. కాన్పులో చనిపోయే స్త్రీల కథను ఆడవాళ్లు ఎలా చూశారన్నది హాలు లెక్కల్లో దొరకదు. ప్రేక్షకులు అన్నప్పుడల్లా ఏ ప్రేక్షకులు అని అడగడం అలవాటు చేసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒక సినిమా వంద రోజులు ఆడింది. చూసినవారందరూ దెయ్యాలను నమ్ముతారని దీన్నిబట్టి చెప్పవచ్చా? మీ జవాబును ఐదు వాక్యాల్లో రాసి, తరువాతి భాగం చదవండి.

చెప్పలేమన్నది నా జవాబు. తెలుగు ప్రేక్షకులకు ఇది కొత్త సంగతి కాదు. బి. విఠలాచార్య చిత్రాల్లో అస్థిపంజరాలు నాట్యమాడాయి. 1978 నాటి ఆయన 'జగన్మోహిని'లో దెయ్యమే ప్రధాన ఆకర్షణ. వాటిని చూసి పిల్లలు భయపడ్డారు, పెద్దలు పకపకా నవ్వారు. ఎవరూ తమ నమ్మకాలను టికెట్‌తోపాటు కొనుక్కోలేదు. భయం, నవ్వు పక్కపక్కనే కూర్చునే చోటు అది. అయితే విఠలాచార్య దెయ్యం జానపదలోకంలో ఉంటుంది, సామ్రీ కారులో వెళ్లే పట్నపు అమ్మాయిని పట్టుకుంటాడు. ఆ తేడాను మాత్రం చిన్నగా చూడలేం. 1992లో రాంగోపాల్ వర్మ తెలుగులో 'రాత్రి'గా, హిందీలో 'రాత్'గా తీసిన చిత్రంలో హవేలీయే పోయింది. దెయ్యం మధ్యతరగతి కాలనీ ఇంట్లోకి వచ్చేసింది.

అభిప్రాయం మారిపోవడం

1990 తరువాత రామ్సేల సినిమాలకు హాళ్లు పలచబడ్డాయి. వీడియో క్యాసెట్లు, కేబుల్ టీవీ ఇంటింటికీ వచ్చేశాయి. 1993లో అదే కుటుంబం 'జీ హారర్ షో' మొదలుపెట్టింది. హాలుకు రాని ఆడవాళ్లు, 'ఎ' సర్టిఫికెట్ వల్ల రాలేని పిల్లలు ఇప్పుడు ప్రేక్షకులయ్యారు. దుప్పటి సందులోంచి చూసిన ఆ పిల్లలే పెద్దవారై ఈ సినిమాలను మురిపెంగా తలుచుకుంటున్నారు. విదేశాల్లో 'పురానా మందిర్', 'బంద్ దర్వాజా' డీవీడీగా విడుదలై, విచిత్ర చిత్రాల అభిమానులకు ప్రియమయ్యాయి. రామ్సేల మీద షమ్యా దాస్‌గుప్తా 2017లో ఒక పుస్తకమే ప్రచురించారు.

ఇన్నేళ్లలో సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు. చెత్త అన్నది జ్ఞాపకమైంది, జ్ఞాపకం కళాఖండమైంది. కాబట్టి ఇవాళ ఎవరైనా 'మేం అప్పుడు నవ్వుకుంటూ చూశాం' అంటే వెంటనే రాసుకోకండి. నవ్వింది అప్పుడా, ఇప్పుడా అని అడగండి. నన్ను అడిగినా అంతే. గోడపత్రికలో అబద్ధం రాసినవాణ్ణి, నలభై ఏళ్ల తరువాత పాఠంలో పూర్తి నిజం చెబుతున్నానని మీరెందుకు నమ్మాలి?

అభ్యాస కృత్యం: మీ ఊళ్లో మూతపడిన సినిమా హాలు ఒకటి ఉండే ఉంటుంది. అక్కడ టికెట్లు చింపినవారిని గానీ, ప్రొజెక్టర్ నడిపినవారిని గానీ, బయట సైకిల్ స్టాండు చూసుకున్నవారిని గానీ కలవండి. సినిమా బాగుందా అని అడగకండి. ఏ దృశ్యానికి జనం లేచి నిలబడేవారో, ఎక్కడ బయటికి వెళ్లి బీడీ వెలిగించేవారో, ఆడవాళ్లు ఏ ఆటకు వచ్చేవారో, ఏ సినిమా పెట్టెను వెనక్కి పంపకుండా ఇంకో వారం ఉంచుకున్నారో అడగండి. విన్నది విన్నట్టు, చెప్పినవారి మాటల్లోనే రెండు పుటలకు మించకుండా రాసి, తరువాతి సంపర్క తరగతికి తీసుకురండి.