కల్లాల కాలపు నాటకాలు – అందులో మన చోటు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి ఊళ్లలో నాటకాలకు ఒక కాలం ఉండేది. పత్తి తీతలు ముగిసి, మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడేవి, కూలీకి కాస్త తీరిక దొరికేది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల నుంచి శ్రీరామనవమి పందిళ్ల దాకా పద్యనాటకాలు, బుర్రకథలు తెల్లవార్లూ సాగేవి. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది ఈ ప్రాంతపు తెనాలిలోనే. ఈ ఘన చరిత్రలో ఎరుకల, యానాది, సుగాలి, చెంచు జనం ఎక్కడ ఉన్నారో చూద్దామన్నదే మా ప్రయత్నం.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడింది. డాక్టర్ గరికపాటి రాజారావు దాన్ని నడిపించిన వారిలో ముఖ్యులు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి ముందు ‘ముందడుగు’, తర్వాత 1947లో ‘మాభూమి’ రాశారు. దొరల దౌర్జన్యం మీద తిరగబడిన తెలంగాణ రైతుల కథ అది. రాజుల వేషాలు, రాగాలు తీసే పద్యాలు లేవు. పొలంలో మాట్లాడుకునే మాటే రంగస్థలం మీద వినిపించింది. దళాలు ఊరూరా తిరిగి ఆడాయి. తర్వాత సినిమా తారగా ఎదిగిన జమున కూడా ఈ నాటకంలో వేషం కట్టినవారే. జనం మీద దాని ప్రభావం చూసి మద్రాసు ప్రభుత్వం నాటకాన్ని నిషేధించింది.

ఆ 1947 మన జాతులకు కూడా గుర్తుండవలసిన సంవత్సరం. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మన ప్రాంతంలోనూ అమలైంది. పుట్టుకనే నేరంగా చూసిన ఆ చట్టం కింద స్టూవర్టుపురం, సీతానగరం వంటి సెటిల్మెంట్లలో ఎరుకల కుటుంబాలను ఉంచారు. హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం రద్దయింది 1947లోనే. దేశమంతటా రద్దు కావడానికి 1952 దాకా పట్టింది. దున్నేవాడిదే భూమి అని నాటకం చాటుతున్న రోజుల్లో, మన పెద్దల్లో చాలామందికి దున్నడానికి సెంటు భూమి లేదు, స్వేచ్ఛగా నడవడానికి దారి కూడా లేదు.

వేషంగా మాత్రం మనం ఏనాటినుంచో రంగస్థలం మీద ఉన్నాం. యక్షగానాల్లో ఎరుకలసాని బుట్ట పట్టుకొని సోది చెబుతుంది. చెంచులక్ష్మి కథ నాటకమై, 1943లోనూ 1958లోనూ సినిమా అయింది. అహోబిలం నరసింహస్వామిని చెంచులు ఇప్పటికీ తమ ఇంటి అల్లుడిగానే తలుస్తారు. యానాదులకు సొంత భాగవతమే ఉంది. అయినా పెద్ద రంగస్థలం మీద మన వేషం కట్టింది ఎక్కువగా ఇతరులే. మన యాస నవ్వించడానికి పనికొచ్చింది, మన కష్టం కథ కాలేదు.

ఇందుకు భిన్నంగా నిలిచింది బుర్రకథ. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ తంబుర మీటుతూ, ఇరుపక్కలా వంతలు డక్కీలు వాయిస్తుండగా అల్లూరి సీతారామరాజు కథ చెప్పారు. 1922–24 నాటి మన్యం పోరాటాన్ని మైదానపు పల్లెల్లోకి తెచ్చారు. ఆ పోరులో ముందు నడిచిన గాం గంటందొర, మల్లుదొర గిరిజన వీరులు. మల్లుదొర అండమాన్ జైలు చూసి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. గిరిజనుడు నవ్వులాటకు కాదు, కథానాయకుడిగా నిలవగలడని ఆ చరిత్ర చెబుతుంది. నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది.

ఇప్పుడు అదే కల్లాల కాలం మా హాస్టళ్లకు గడ్డుకాలం. మిర్చి కోతలు మొదలైతే తల్లిదండ్రుల వెంట పిల్లలూ పొలాలకు వెళ్లిపోతారు, హాజరుపట్టీలో ఖాళీలు పెరుగుతాయి. వార్షికోత్సవాలు వచ్చేదీ అప్పుడే. నాటకంలో వేషం ఉన్న పిల్లకు ఆగిపోవడానికి ఒక కారణం దొరుకుతుంది. అందుకే తెచ్చిపెట్టుకున్న సినిమా పాటల బదులు తండాలో, కాలనీలో అవ్వలు చెప్పే కథలను, ఎరుకల భాషలో, లంబాడీ భాషలో, పిల్లల చేతనే నాటకాలుగా రాయిద్దాం. సంఘం పెద్దలు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ముందు వరుసలో కూర్చొని చూడాలని మా మనవి. మన వేషం మనమే కట్టే కాలం ఈ పిల్లలతోనే మొదలు కావాలి.