షుగర్, చిగుళ్ళు, మన భీమవరం సుబ్బారావు గారు

కొవ్వూరు నుంచి మాట్లాడుతున్నా. ఈసారి షుగర్ ఉన్నవాళ్ళ పళ్ళ గురించి. బోర్ అని స్కిప్ చేయకండి, ఈ కథలో మన గోదావరి మనిషి ఒకాయన ఉన్నారు.

యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు, మాకు గోదావరి అవతలి ఒడ్డున ఉన్న రాజమండ్రిలో చదువుకున్నారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళారు. తర్వాత లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలు నడిపించారు. ఆయన అక్కడున్నప్పుడే బెంజమిన్ డగ్గర్ అనే శాస్త్రవేత్త మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు అదే. అది లోకానికి తెలిసిన ఏడాదే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు 53 ఏళ్ళకే పోయారు. అసలు ట్విస్ట్ ఆయన చూడలేదు.

ట్విస్ట్ 1983లో వచ్చింది. చిగుళ్ళలో కొలాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ ఉంటుంది, పన్నుని గట్టిగా పట్టుకునేది అదే. దాన్ని కోసేసే ఎంజైమ్ పేరు కొలాజినేజ్. అమెరికాలో లోర్న్ గోలబ్ బృందం, ఒంట్లో క్రిములే లేకుండా పెంచిన ఎలుకలకి షుగర్ తెప్పించింది. క్రిములు లేకపోయినా చిగుళ్ళలో ఆ ఎంజైమ్ జోరు పెరిగింది! టెట్రాసైక్లిన్ కుటుంబంలోదే అయిన మినోసైక్లిన్ ఇస్తే తగ్గింది. చంపడానికి క్రిములే లేనిచోట క్రిముల మందు పనిచేసిందన్నమాట. నా పాత ఉద్యోగం భాషలో, వైరస్ బయటిదనుకుంటే బగ్ మన కోడ్‌లోనే ఉంది. అలాగని క్రిములు అమాయకులు కాదండోయ్. గార పట్టి వాపు మొదలవుతుంది, షుగర్ దాన్ని ఎగదోస్తుంది.

ఆ దారిలోనే 1998లో అమెరికాలో చిగుళ్ళ జబ్బుకి 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ అనుమతి పొందింది. క్రిముల్ని చంపేంత డోసు కాదది, ఎంజైమ్‌ని ఆపడానికే. డాక్టర్ చెప్పకుండా మెడికల్ షాపులో అడిగి కొనకండి. పైగా చిన్నపిల్లలకి టెట్రాసైక్లిన్ ఇస్తే పళ్ళకే పసుపు, గోధుమ మరకలు పడతాయి, ఇదో విచిత్రం.

మా మావయ్యకి పన్నెండేళ్ళుగా షుగర్. తోముకుంటే రక్తం, రెండు పళ్ళు కదులుతున్నాయి. "వయసురా" అంటారు. ఆయనకి యాభయ్యే! 1993లోనే హరాల్డ్ లో అనే దంతవైద్యుడు చిగుళ్ళ జబ్బుని షుగర్ తెచ్చే ఆరో ఉపద్రవం అని రాశారు. కళ్ళు, కిడ్నీలు, నరాల వరసలోనే. షుగర్ డాక్టర్ దగ్గర పాదాలు చూపిస్తాం, నోరు చూపించం.

ఇది రెండు వైపులా నడిచే రోడ్డు. చిగుళ్ళు శుభ్రం చేయించుకున్నవాళ్ళలో మూడు, నాలుగు నెలలకి హెచ్‌బీఏ1సీ సగటున 0.4 దాకా తగ్గిందని 2022లో చాలా అధ్యయనాల్ని కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష చెప్పింది. క్లీనింగ్‌కి పళ్ళు అరిగిపోతాయని మావయ్య భయం. అరగవు, పోయేది గారే.

మీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్ళని అడిగి కింద రాయండి: చిగుళ్ళు ఆఖరుసారి ఎప్పుడు చూపించుకున్నారు?