రతన్ లాల్ నేల కర్బన పరిశోధనలు

రతన్ లాల్ (జననం: 1944) భారత సంతతికి చెందిన అమెరికన్ నేల శాస్త్రవేత్త. సేద్యం వల్ల నేల కోల్పోయిన కర్బనాన్ని తిరిగి నేలకే చేర్చవచ్చని, అలా చేస్తే పంట దిగుబడి పెరగడమే కాక గాలిలోని బొగ్గుపులుసు వాయువు కూడా కొంత తగ్గుతుందని ఆయన ఐదు దశాబ్దాల పరిశోధనతో చూపారు. 2020లో ప్రపంచ ఆహార బహుమతి అందుకున్నారు. పైరు బాగు కోసం మొదలైన పని వాతావరణ మార్పు చర్చలో ఎలా భాగమైందన్నదే ఈ పరిశోధనల చరిత్రలో ముఖ్య విషయం.

పూర్వరంగం

పెంట, ఆకు అలము, చెరువు పూడిక నేలకు బలమని రైతులకు వేల ఏళ్లుగా తెలుసు. శాస్త్రజ్ఞుల దృష్టి మాత్రం చాలాకాలం మరోవైపు ఉంది. 1840లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్, మొక్కను పోషించేవి ఖనిజ లవణాలేనని ప్రతిపాదించాక నేలలోని సేంద్రియ పదార్థానికి ప్రాధాన్యం తగ్గింది. ఇరవయ్యో శతాబ్దంలో సెల్మన్ వాక్స్‌మన్, హాన్స్ జెన్నీ దానికి మళ్లీ శాస్త్ర గౌరవం తెచ్చారు. జెన్నీ, ఎస్.పి. రాయ్‌చౌధురి కలిసి భారతీయ నేలల సేంద్రియ పదార్థంపై వాతావరణం, సాగు ప్రభావాలను పరిశీలించి రాసిన గ్రంథాన్ని భారత వ్యవసాయ పరిశోధన మండలి 1960లో ప్రచురించింది.

బాల్యం, చదువు

లాల్ అవిభక్త పంజాబులో, నేడు పాకిస్తాన్‌లో ఉన్న కర్యాల్‌లో పుట్టారు. దేశ విభజనతో ఆ కుటుంబం శరణార్థులుగా తరలివచ్చి, నేటి హర్యానాలోని రాజౌంద్‌లో కొద్దిపాటి పొలం చేసుకుంటూ స్థిరపడింది. ఆయన లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై (1963), ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎమ్మెస్సీ (1965), అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. (1968) పూర్తి చేశారు. తర్వాత కొంతకాలం ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయంలో పనిచేశారు.

ఇబదాన్ సంవత్సరాలు (1970–1987)

ఆయన ఆలోచనలన్నిటికీ పునాది పడింది నైజీరియాలోని ఇబదాన్‌లో. 1967లో అక్కడ నెలకొల్పిన అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో నేల భౌతిక శాస్త్రవేత్తగా 1970లో చేరి, పదిహేడేళ్లు పనిచేశారు. అడవి కొట్టి సాగులోకి తెచ్చిన భూములు ఒకటి రెండు పంటలు బాగా పండి ఆ తర్వాత ఎందుకు చతికిలపడుతున్నాయో తేల్చడం ఆయన ముందున్న పని.

అందుకోసం 1, 5, 10, 15 శాతం వాలున్న మళ్లు కట్టి, ప్రతి వానకూ ఎంత నీరు పారిపోతున్నదీ, దాంతో ఎంత మట్టి కొట్టుకుపోతున్నదీ కొలిచారు. నేలను దున్ని బోసిగా వదిలిన మళ్లలో పైమట్టి భారీగా పోయింది. పంట చెత్తను హెక్టారుకు నాలుగు నుంచి ఆరు టన్నుల చొప్పున పరిచిన చోట వాలు ఎక్కువైనా కోత దాదాపు ఆగిపోయింది. ఎండ సంగతి కూడా ఆయన కొలతల్లో తేలింది. కప్పు లేని నేల పై పొర పగటిపూట 40 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కి, లేత మొక్కజొన్న వేళ్లను దెబ్బతీసేది. బుల్డోజర్లతో అడవి తీసిన భూమికీ, మనుషులు కత్తీ గొడ్డలీ పట్టి తీసిన భూమికీ ఉన్న తేడాను కూడా ఆయన పక్కపక్కనే పెట్టి పరీక్షించారు. యంత్రాల బరువుకు నేల గట్టిపడి నీరు ఇంకకపోవడం, కోత ఎక్కువ కావడం అందులో స్పష్టంగా కనిపించింది. నేల కోతపై 1976లో వెలువడిన ఆయన మోనోగ్రాఫ్ ఉష్ణమండల నేలల అధ్యయనంలో విలువైన రచన.

ఈ కొలతల్లో ఒకటి ఆయనను కలవరపెట్టింది. అడవి తీసిన కొద్ది ఏళ్లకే నేలలోని సేంద్రియ కర్బనం గణనీయంగా పడిపోయేది. 1982లో రోజర్ రెవెల్, హాన్స్ స్యూస్ ఇబదాన్‌కు వచ్చారు. శిలాజ ఇంధనాల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్ అంతా సముద్రంలో వెంటనే కరిగిపోదని 1957లో చూపిన శాస్త్రవేత్తలు వాళ్లే. నేలలో తగ్గిన ఆ కర్బనం ఎక్కడికి పోయింది, దాన్ని వెనక్కి తేవచ్చా అని రెవెల్ అడిగారని, వాతావరణం వైపు తన చూపు అప్పుడే మళ్లిందని లాల్ గుర్తుచేసుకున్నారు. అంతవరకు ఆయన నేల కర్బనాన్ని పంట కోణం నుంచే చూశారు.

ఒహాయోలో

1987లో లాల్ ఒహాయో స్టేట్‌కు అధ్యాపకులుగా తిరిగి వెళ్లారు. నేల కర్బనం ప్రస్తావన వాతావరణ చర్చల్లో అప్పటికి చాలా తక్కువ. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలతో కలిసి, ఆ దేశపు సాగుభూములు ఎంత కర్బనాన్ని నిలుపుకోగలవో లెక్కగట్టిన పుస్తకాన్ని 1998లో వెలువరించారు. 2000లో విశ్వవిద్యాలయంలో కర్బన నిర్వహణ కేంద్రాన్ని స్థాపించారు. అది నేడు ఆయన పేరుతోనే ఉంది.

2004 ఆయన కృషిలో శిఖరం వంటి ఏడాది. ఆ జూన్‌లో 'సైన్స్' పత్రికలోనూ, అదే ఏడాది 'జియోడెర్మా'లోనూ వచ్చిన వ్యాసాలు ఈ రంగంలో నేటికీ ప్రామాణికాలు. వాటి లెక్క ప్రకారం మీటరు లోతు వరకు ప్రపంచ నేలల్లో సుమారు 2,500 గిగాటన్నుల కర్బనం ఉంది (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు). అందులో 1,550 సేంద్రియ రూపంలో, 950 ఖనిజ రూపంలో ఉన్నాయి. అప్పటి వాతావరణంలో ఉన్నది 760, చెట్టూ చేమా సహా జీవజాలంలో ఉన్నది 560 గిగాటన్నులు. సాగు వల్ల నేలలు ఇప్పటిదాకా 42 నుంచి 78 గిగాటన్నులు కోల్పోయాయని, అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా తిరిగి చేర్చవచ్చని ఆయన అంచనా. ఏటా 0.4 నుంచి 1.2 గిగాటన్నులు, అంటే శిలాజ ఇంధనాల ఉద్గారాల్లో 5 నుంచి 15 శాతం మేర నేలలోకి చేరవచ్చు.

'సైన్స్' వ్యాసంలో పొలానికి సంబంధించిన లెక్క కూడా ఉంది. సారం తగ్గిన సాగుభూమిలో హెక్టారుకు ఒక టన్ను కర్బనం పెరిగితే గోధుమ దిగుబడి 20 నుంచి 40 కిలోలు, మొక్కజొన్న 10 నుంచి 20 కిలోలు పెరగవచ్చు. వాతావరణం మాట ఎత్తిన చోటల్లా రైతు గింజను కూడా తూకం వేసి చూపడం లాల్ ప్రత్యేకత. అందుకు ఆయన సూచించినవి సాదా పద్ధతులే. దున్నకుండా విత్తడం, కొయ్యకాళ్లను తగలబెట్టకుండా నేల మీదే వదలడం, ఖాళీ కాలంలో కప్పుపంట వేయడం, పశువుల ఎరువు, కంపోస్టు తోలడం, పొలంలో చెట్లు పెంచడం. పంట చెత్తను పెద్దఎత్తున ఇంధన తయారీకి తరలించడాన్ని ఆయన వ్యతిరేకించారు.

పరిమితులు, విమర్శలు

నేల ఎంత కర్బనాన్నైనా మింగుతుందని లాల్ ఏనాడూ అనలేదు. పద్ధతి మార్చిన పాతికేళ్ల నుంచి యాభై ఏళ్లలో నేల నిండిపోతుందని, శిలాజ ఇంధనాలకు ప్రత్యామ్నాయాలు వచ్చేలోగా కాలం సంపాదించి పెట్టే మార్గం మాత్రమే ఇదని ఆయన రాశారు. కర్బనం హ్యూమస్‌గా (నేలలో నిలిచే సేంద్రియ పదార్థంగా) మారాలంటే నత్రజని, భాస్వరం, గంధకం కూడా కావాలని, వాటి ఖర్చును లెక్కలో చేర్చాలని హెచ్చరించారు.

విమర్శ ప్రధానంగా దున్నని సేద్యంపై వచ్చింది. 2007లో జాన్ బేకర్ బృందం, చాలా ప్రయోగాల్లో మట్టి నమూనాలను 30 సెంటీమీటర్ల లోపే తీశారని, ఇంకా లోతుకు వెళ్తే లాభం కనబడకపోవచ్చని ఎత్తిచూపింది. మరుసటి ఏడు హంబర్టో బ్లాంకో-కాంకీతో కలిసి లాల్ స్వయంగా తూర్పు అమెరికా రైతుల పొలాల్లో 60 సెంటీమీటర్ల దాకా నమూనాలు తీయించారు. పై పొరలో కర్బనం పెరిగినా, మొత్తం లోతును కలిపి చూస్తే దున్నిన పొలాలకన్నా ఎక్కువ లేదని ప్రచురించారు. తన వాదానికి అడ్డొచ్చే ఫలితాన్ని తన పేరుతోనే అచ్చువేయడం అభినందనీయం. 2014లో డేవిడ్ పౌల్సన్ తదితరులు కూడా దున్నని సేద్యం వల్ల వాతావరణానికి ఒనగూడే మేలు పరిమితమేనని వాదించారు.

గుర్తింపు

ఆయన 2006–08లో అమెరికా నేల శాస్త్ర సంఘానికి, 2017–18లో అంతర్జాతీయ నేల శాస్త్రాల సమాఖ్యకు అధ్యక్షులు. 2015 పారిస్ వాతావరణ సదస్సులో ఫ్రాన్స్ ప్రారంభించిన 'వెయ్యికి నాలుగు' కార్యక్రమం, నేల కర్బనాన్ని ఏటా 0.4 శాతం పెంచాలన్న ఆశయంతో, ఆయన వాదాన్ని ప్రభుత్వాల ముందుకు తెచ్చింది. 2019లో జపాన్ బహుమతి, 2021లో పద్మశ్రీ ఆయనకు లభించాయి. 2020 ప్రపంచ ఆహార బహుమతి కింద వచ్చిన రెండున్నర లక్షల డాలర్లను ఆయన పరిశోధనకే ఇచ్చేశారు.

తెలుగు నేలలతో సంబంధం

2024 గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని లాల్‌తో పాటు ఈజిప్టుకు చెందిన సెకెం సంస్థ, ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పంచుకున్నాయి. పది లక్షల యూరోల ఈ పురస్కారాన్ని జూలైలో లిస్బన్‌లో ప్రకటించారు. రైతు సాధికార సంస్థ నడిపే ఆ కార్యక్రమంలో ఏడాది పొడవునా నేలకు పచ్చని కప్పు ఉంచడం, ఆచ్ఛాదన ప్రధాన సూత్రాలు. ఇబదాన్ మళ్లలో పంట చెత్త పరిచి లాల్ కొలిచింది కూడా ఈ కప్పు విలువనే.

అంతకుముందే అనంతపురంతో ఆయనకు అనుబంధం ఏర్పడింది. అక్కడి ఎర్ర నేలలో వేరుశనగపై 20 ఏళ్లు నడిచిన ప్రయోగ ఫలితాలను హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త చెరుకుమల్లి శ్రీనివాసరావు బృందం 2012లో ప్రచురించింది. ఆ వ్యాసానికి లాల్ సహ రచయిత. రసాయనిక ఎరువు మోతాదును సగానికి తగ్గించి వేరుశనగ పొట్టునో, పశువుల ఎరువునో వేయడం అందులో పరీక్షించిన పద్ధతుల్లో ఒకటి. ఆ నేలలో ఉన్న కర్బనం ఉన్నంతైనా నిలవాలంటే ఏటా హెక్టారుకు టన్నుకు కాస్త పైగా కర్బనం వేళ్లు, చెత్త, ఎరువుల రూపంలో చేరాలని ఆ ప్రయోగం తేల్చింది.