పూతలోనే పోయిన పంట

2021 మిరప ఏమైందో తిరువూరు చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. తెలిసిన కథే. అయినా ఆ ఏడాది నాటిన నారును తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అంతకు ముందు సీజనులో తేజ రకానికి మంచి ధర పలికింది. ఆ ఆశతోనే ఇటు గంపలగూడెం, అటు సరిహద్దు దాటి ఖమ్మం జిల్లా దాకా మిరప పరుచుకుంది. కౌలు మాట్లాడుకుని, అప్పులు తెచ్చి, ఎకరానికి లక్ష దాటే పెట్టుబడిని మట్టిలో పోశారు. మొక్క ఏపుగా లేచింది. తెల్లగా పూత విరిసింది.

ఆ పూవును కోసి అరచేతిలో దులిపితే చాలు, మిల్లీమీటరు పొడవైనా లేని నల్లటి పురుగులు గీతల మధ్య పాకేవి. తామర పురుగు రైతుకు కొత్తేమీ కాదు. ఆకు పైకి ముడుచుకుంటే అదేనని పోల్చుకునేవాడు, మందు కొట్టేవాడు. ఈ నల్లది మాత్రం పూవులో దాక్కుంది. పిందె కట్టకముందే పూత రాలిపోయింది.

దాని పేరు థ్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా నుంచి వచ్చింది. బెంగళూరులో బొప్పాయి మీద దాన్ని గుర్తించి, 2015లోనే మన శాస్త్రవేత్తలు పత్రం ప్రచురించారు. అంటే ఆరేళ్ల ముందే! బొప్పాయి నుంచి మిరపకు అది ఏనాడు మారుతుందో ఎవరు మాత్రం చెప్పగలరు, నిజమే. కానీ సదస్సుల్లో తెర నిండా పెద్దది చేసి చూపే పురుగు బొమ్మ ఒక్కటి మందుల దుకాణం గోడ మీదైనా అంటించి ఉంటే, రైతు తొలి పూతలోనే దాన్ని ఆనవాలు పట్టేవాడేమో. మన దగ్గర పరిశోధన పరిశోధకుడి దాకా వెళుతుంది, పురుగు పొలం దాకా వస్తుంది.

ఇక మిగిలింది దుకాణం సలహా. ఈ మందు పనిచేయకపోతే ఆ మందు, రెండూ పనిచేయకపోతే రెండూ కలిపి. పూవు లోపలి పురుగుకు మందు సరిగా అందలేదు, దాన్ని తినే మిత్ర పురుగులు మాత్రం చచ్చాయి. నేలలో కోశస్థ దశ ముగించుకుని కొత్త పురుగులు మళ్లీ పైకి లేచాయి. కొట్టినకొద్దీ పెరిగింది.

డిసెంబరు నాటికి శాస్త్రవేత్తల బృందాలు పొలాలకు వచ్చాయి. నీలిరంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, వేపనూనె కొట్టమన్నారు, మందులు మార్చి మార్చి వాడమన్నారు, చుట్టూ జొన్నో మొక్కజొన్నో కంచె పంటగా వేసుకోమన్నారు. మంచి మాటలే. కానీ కంచె పంట నారుతోపాటే లేవాలి కదా! అప్పటికే చాలామంది చేలు పీకేశారు, కొందరు ట్రాక్టరుతో దున్నేశారు.

పంట లేకపోయేసరికి ధర ఎక్కింది. 2022లో వరంగల్ ఏనుమాముల మార్కెట్లో దేశీ మిర్చి క్వింటా 50 వేలు దాటింది. ఆ వార్త తిరువూరుకు చేరేసరికి అక్కడ చాలా ఇళ్లలో తూకానికి పెట్టడానికి బస్తా లేదు, కౌలు బాకీ మాత్రం ఉంది.