యుద్ధనౌకలలో రాతినార



రాతినార భూగర్భమున దొరకు ఖనిజము. చూచుటకు రాయి, నలిపినచో పత్తివలె పోగులుగా విడివడును. నిప్పునకు కాలదు, వేడిని దాటనీయదు. దీనినే ఆస్బెస్టాస్ అందురు. కడపజిల్లాలో పులివెందుల చెంతనున్న బ్రాహ్మణపల్లి ప్రాంతమున దీని గనులు త్రవ్విరి. మా మదీనాగూడవైపు మేడలు లేవక పూర్వము ఇండ్లపైన, కొట్టములపైన కప్పిన సిమెంటు రేకులలో ఉన్నదియు ఈ నారయే. ఇది యుద్ధనౌకలలో నెట్లు చేరినదో, అందు కొలువుచేసిన వారికేమి మిగిల్చినదో నేడు విన్నవించెదను.

ఆవిరియోడకు బాయిలరే ప్రాణము. అందు పుట్టిన ఆవిరి గొట్టముల వెంట యంత్రములకు పోవును. ఆ వేడి వృథాగాకుండుటకును, చెంతనున్నవారి యొడలు కాలకుండుటకును బాయిలరులకు, గొట్టములకు రాతినార దట్టముగా చుట్టెడివారు. అగ్నిభయమున్న గదుల గోడలకును దానినే వాడిరి. మరమ్మతు వచ్చినపుడెల్ల ఆ చుట్టు ఊడదీయవలెను. అపుడు లేచిన ధూళి ఇరుకుగదులలో నిండి, పనివాని యూపిరితోపాటు పొరుగువాని యూపిరిలోనికిని పోయెడిది.

ఈ కీడు పెద్దలకు తెలియనిది కాదు. 1924లో ఇంగ్లండున రాతినార కర్మాగారమున పనిచేసిన యొక స్త్రీ మరణమును గూర్చి కుక్ అను వైద్యుడు ప్రకటించెను. 1931లో అచ్చట కర్మాగారములకు ధూళినివారణ నిబంధనలు వెలువడెను. అయినను పండ్రెండేండ్ల పిదప, 1943లో, టైన్ నదీతీరమున హెర్క్యులీస్ అను విమానవాహక నౌకకు పునాది వేయునాటికిని ఓడలలో రాతినార వాడుక తగ్గలేదు. ఆ నౌకయే 1957లో మనకు విక్రయింపబడి, 1961లో విక్రాంత్ అను పేర మన నౌకాదళమున చేరెను.

1970లో విక్రాంత్ బాయిలరులలో పగుళ్లు కనబడెను. ఉక్కుపట్టీలు బిగించి, వేగము తగ్గించుకొని, 1971 యుద్ధమున దానిని తూర్పు సముద్రమునకు నడపిరి. ఆ విజయమును విశాఖపట్టణము నేటికిని తలంచుచున్నది. విమానములు నడపిన వీరుల కీర్తి మనమెరుగుదుము. క్రింద బాయిలరు గదిలో చెమటోడ్చినవారి పేరు లెందరికి తెలియును? 1997లో ఆ నౌక కొలువు ముగిసెను. 2014లో ముంబైలో దానిని విరువనారంభించిరి. ఓడ పోయినను ఊపిరిలో జేరిన నార పోదు.

ఈ వ్యాధి విశేషమేమనగా, అది వెంటనే బయటపడదు. ఇరువది నలువదియేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు నిద్రించును. పిదప ఊపిరితిత్తులు గట్టిపడుటయో, వానికిని, వాని పైపొరకును కాన్సరు పుట్టుటయో జరుగును. ఆ పొర కాన్సరునకు రాతినారతో గల సంబంధమును 1960లో వాగ్నరు మొదలగువారు దక్షిణాఫ్రికానుండి వెల్లడించిరి. 1968లో హారీస్ అను వైద్యుడు బ్రిటిష్ నౌకామరమ్మతు కేంద్రములందలి ప్రమాదమును గూర్చి వ్రాసెను. బ్రిటను 1999లో రాతినారను పూర్తిగా నిషేధించెను.

మన సర్వోన్నత న్యాయస్థానము 1995లో రాతినార గనుల, పరిశ్రమల కార్మికుల విషయమున తీర్పిచ్చుచు, ఆరోగ్యము జీవనహక్కులో భాగమని పలికెను. కొలువున చేరిన నాటినుండి నలువదియేండ్లుగాని, విరమించిన పిదప పదునైదేండ్లుగాని, ఏది అధికమో అంతకాలము వారి యారోగ్యవివరములు భద్రపరుపవలెనని యాజ్ఞాపించెను. నలువదియేండ్లు నిద్రించు వ్యాధికి నలువదియేండ్ల లెక్క యుండవలెను గదా! ఆ లెక్క లేనిచోట మనుష్యుని జ్ఞాపకమే ఆధారము.

కావున గ్రామపెద్దలకొక మనవి. మీ యూర పాతయోడలలో పనిచేసి వచ్చిన నావికుడుండి ఆయాసపడుచున్నచో, అది వార్ధక్యమనియో, చుట్టల దోషమనియో ఊరకుండకుడు. ఏ యోడలో, ఏ యేండ్లలో, ఏ గదిలో పనిచేసెనో వ్రాయించి, వైద్యుని కడకు పంపుడు. మాజీ సైనికులకు 2003 నుండి ప్రత్యేక వైద్యపథకము కలదు. రాతినార సోకినవానికి పొగత్రాగుట మరింత ముప్పు, దానిని మాన్పింపుడు. పాత రేకులను పగులగొట్టి, కోసి ధూళి లేపకుడు.

యుద్ధము ముగిసెనని మనము పండుగ చేసికొంటిమి. కొందరి యెదలలో అది ముగియలేదు. వారిని వెదకి పలుకరించుట మన ధర్మము.