కౌలు అంటే మాట

కౌలు అన్న మాట మన పొలాల్లోకి అరబ్బీ నుంచి వచ్చింది. అసలు రూపం ‘ఖౌల్’. అంటే మాట, ఇచ్చిన వాదా. పాత జమానాలో హాకిములు వ్యాపారులకీ రైతులకీ రాసిచ్చిన అభయపత్రం కౌల్‌నామా. రైతు, బకాయి, వసూలు, హక్కు అన్నీ ఆ దారినే వచ్చాయి. పెదపారుపూడిలో ఎకరం ఉన్న ప్రతివాడూ రోజూ కాస్త ఉర్దూ మాట్లాడుతున్నట్టే.

ఇప్పుడు ఆ ఊళ్లో, గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలో పొలం ఉన్నవాళ్లు చాలామంది అక్కడ లేరు. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్నారు. అన్నదమ్ముల మధ్య ఫోనులో నడిచే బహస్ ఒకటే: ఉంచుదామా, అమ్మేద్దామా?

ఈ సవాల్ పాతదే. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక కృష్ణ నీళ్లు ఈ డెల్టా నసీబ్ మార్చాయి. భూమి ధర పెరిగింది. తరాలు గడిచేకొద్దీ వాటాలు పడి కమతాలు చిన్నవయ్యాయి. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తవడంతో కోస్తా రైతులు కొందరు ఇక్కడ ఎకరం అమ్మి, నిజాం ఇలాఖాలో అంతకు కొన్ని రెట్లు కొన్నారు. నిజామాబాద్, బోధన్ వైపు పేరు చివర ‘క్యాంపు’ ఉన్న పల్లెలు అలా వెలిసినవే. వాళ్ల హిసాబ్ సాఫ్‌గా ఉంది: భూమి కోసం పోతున్నారు గనక భూమి అమ్మారు.

తర్వాతి వలస వేరు. చదువు, నౌకరీ, వ్యాపారం కోసం పోయారు. పెదపారుపూడిలో 1936లో పుట్టిన రామోజీరావు పేరు అందరికీ తెలుసు. పేరు తెలియనివాళ్లు ఇంకెందరో. రోజీ వేరేచోట దొరికింది కాబట్టి చాలామందికి పొలం అమ్మే జరూరత్ పడలేదు. కౌలుకిచ్చారు.

అక్కడే కానూన్ అంటే భయం మొదలైంది. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం, 1974 సవరణ కలిసి చెప్పినదేమిటి? కౌలు ఆరేళ్లకు తగ్గకూడదు. అమ్మదలిస్తే ముందు సాగుచేసేవాణ్ణే అడగాలి. మన షరియత్‌లో ‘హక్కె షుఫా’ ఉంది కదా, అమ్మకంలో వాటాదారుకీ పొరుగువాడికీ తొలి హక్కు. ఈ చట్టం దాదాపు అదే హక్కును దున్నేవాడికిచ్చింది. ఎంత ఇన్సాఫ్! కానీ దూరాన ఉన్న మాలిక్ హడలిపోయి కాగితం రాయడమే మానేశాడు. నోటి మాట, ఏడాదికోసారి బేరం, ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే ఖరారు. తుఫానుకి వరి పడిపోయినా, తర్వాత వేసిన మినుము దెబ్బతిన్నా నుక్సాన్ కౌలుదారుదే. కాగితం లేదు కనక బ్యాంకు అప్పూ, నష్టపరిహారమూ అతని పేరున రావడం కష్టం.

గోల్కొండ కాలంలో మచిలీపట్నం సీమను ఏటా వేలంలో ఇజారాకిచ్చేవారు. వచ్చే ఏడు తనది కాదని తెలిసిన ఇజారాదారు ఈ ఏడే పిండుకునేవాడు. ఏడాది కౌలూ అంతే. రేపటి భరోసా లేని చోట ఎవరు చెరువు మట్టి తోలతారు, ఎవరు గట్టు వేస్తారు?

2011లో రుణ అర్హత కార్డులొచ్చాయి. 2019 చట్టం పదకొండు నెలల ఒప్పందం పెట్టి, మాలిక్ యాజమాన్యానికి ఖతరా లేదంది. అయినా ఆ చట్టం కింద ఇచ్చే కార్డుకి మాలిక్ దస్తఖత్ కావాలి. ఆయనేమో డల్లాస్‌లో.

అమ్మేయడం ఆసాన్‌గా కనిపిస్తుంది. విదేశంలో స్థిరపడినవాళ్లు ఒక సంగతి యాదుంచుకోవాలి: వారసత్వంగా వచ్చిన సాగుభూమిని ఉంచుకోవచ్చు, ఇక్కడ ఉంటున్న భారతీయుడికి అమ్మొచ్చు. అక్కడ ఉంటూ మళ్లీ కొనడానికి మాత్రం మామూలుగా ఇజాజత్ లేదు. వెళ్లే తలుపు తెరిచే ఉంది, వచ్చే తలుపుకే తాళం.

అందుకే నా రాయ్ ఇది. తిరిగి వచ్చే ఇరాదా ఉంటే ఉంచుకోండి, కానీ దున్నేవాడి కార్డు మీద దస్తఖత్ పెట్టండి. రామనుకుంటే అమ్మండి, కానీ మొదట అతణ్ణే అడగండి. రెండూ చేయక, నోటి మాట మీద బస్తాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే దాన్ని కౌలు అనకండి. ఆ లఫ్జ్‌కి అర్థం ఇచ్చిన మాట.