గన్‌ఫౌండ్రీలో పూర్వికుల జాడ: పటాలు, దస్త్రాలు, ఇంటిపేర్లు

తెలుగునాట వంశచరిత్ర చాలాకాలం నోటిమాటగానే నడిచింది. రెడ్ల గోత్రాలను పిచ్చకుంట్లవారు చెప్పేవారు, వంశావళులను భట్రాజులు వల్లించేవారు. ఈ సంప్రదాయానికి ఆధారం ఊరు. ఊరు విడిచి హైదరాబాదు చేరి, గన్‌ఫౌండ్రీ వంటి పేటలో అద్దెకు దిగినవాని జాడ చెప్పవలసింది ఇక నగర దస్త్రాలే. అవి ఎవరిని నమోదు చేశాయన్నది పరిశీలించదగిన విషయం.

పేట పేరుతోనే మొదలుపెట్టవచ్చు. 18వ శతాబ్దం చివర నిజాం అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ ఫిరంగులు పోత పోయించిన చోటు ఇది. ఉర్దూలో తోప్ కా సాంచా. రేమాండ్ 1798లో మరణించాడు; ఆ ఏడే ఆంగ్లేయులతో కుదిరిన ఒప్పందం వల్ల ఫ్రెంచి దళం రద్దయింది. సేనానికి సమాధి ఉంది. పోత పోసిన చేతులెవరివో పేట పేరు చెప్పదు. పక్కనున్న ఆబిడ్స్‌కు సైతం దుకాణం యజమాని ఆల్బర్ట్ ఆబిడ్ పేరే మిగిలింది.

1908 మూసీ వరద తరువాత, 1912-15 మధ్య, లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని కొలిచి పటాలు గీశారు. గల్లీల వంపులు, కట్టడాల హద్దులు వాటిలో కనిపిస్తాయి, నివాసుల పేర్లు కనిపించవు. పేర్లకు మునిసిపాలిటీ కాగితాలు చూడాలి. మూసీకి ఉత్తరాన ఉన్న చాదర్‌ఘాట్ మునిసిపాలిటీ 1933లో హైదరాబాదులో కలిసింది కనుక, అంతకుముందరి కాగితాలను ఆ పేరుతోనే వెతకాలి.

అసలు చిక్కు లిపిది. ఉర్దూ రాతలో హ్రస్వాచ్చులకు సాధారణంగా గుర్తులుండవు. చిన్నయ్య, చెన్నయ్య ఒకేలా కనబడవచ్చు. ‘ఫలానా వల్ద్ ఫలానా’ అని తండ్రి పేరుతో ముగించే పద్ధతిలో, తెలుగువాడు తనను గుర్తుపట్టే ఇంటిపేరే జారిపోతుంది. తేదీలు ఫసలీలో ఉంటాయి. 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందని స్థూలంగా చెబుతారు కాని, ఫసలీ సంవత్సరం అక్టోబరులో మొదలవుతుంది. జనవరి దాటిన తేదీలకు 591 కలపాలి. మూసీ వరద ఫసలీ 1317లోనిది.

అచ్చయిన పుస్తకాల పరిధి ఇంకా చిన్నది. కృష్ణస్వామి ముదిరాజ్ ‘పిక్టోరియల్ హైదరాబాద్’ ప్రముఖుల గ్రంథం. సురవరం ప్రతాపరెడ్డి 1934లో వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’ 354 మంది కవులను ఒకచోట చేర్చింది. కవుల వారసులకు అది వీధి డైరెక్టరీ కంటె నమ్మకమైన తోడు. పద్యం రాయని అద్దెదారుకు ఆ తోడూ లేదు. ఇంటిపన్ను లెక్క సహజంగా యజమానినే పట్టించుకుంటుంది.

స్త్రీల విషయంలో ఈ వెలితి మరింత ఎక్కువ. దస్తావేజుల్లో స్త్రీ ‘జౌజె’ అన్న మాట వెనుక, భర్త పేరు చాటున ఉంటుంది. గన్‌ఫౌండ్రీలోనే ఉన్న సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ వంటి కతోలిక దేవాలయాల సంప్రదాయం వేరు. జ్ఞానస్నాన పట్టికలో బిడ్డ పేరుతోపాటు తల్లి పేరు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు రాస్తారు. సొంత ఇల్లు లేని తెలుగు క్రైస్తవ కుటుంబం కూడా వాటిద్వారా ముత్తవ్వ పేరుదాకా వెళ్లగలదు. పక్కింటి యజమాని వారసులకు పన్ను రసీదులో ఆ పేరు దొరకదు.